నిరుడు రాసుకుపోయినవాళ్లు

మన కాలేజీ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు మొదట హాస్టల్ మెస్సు గురించి రాద్దామనుకున్నాను. దాని గురించి ఎలాగూ పదిమంది రాస్తారు. సాంబారు ఎంత పలచనో మరో పేజీలో చదువుకోండి, నేను మిరపకాయల సంగతి చెబుతాను.

1994లో బీఎస్సీలో చేరిన మా బ్యాచ్ ఎన్‌ఎస్‌ఎస్‌కు, అంటే జాతీయ సేవా పథకానికి, పేర్లిచ్చింది సేవాభావంతో కాదు. రెండేళ్లలో 240 గంటలు పూర్తిచేస్తే సర్టిఫికెట్ వస్తుందని, ఎక్కడో ఒకచోట పనికొస్తుందని సీనియర్లు చెప్పారు. గాంధీ శతజయంతి ఏడాది 1969లో మొదలైన పథకమని, బ్యాడ్జీ మీద కనిపించేది కోణార్క్ రథచక్రమని ఆ తర్వాత బట్టీపట్టాం.

మొదటి శిబిరం గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే దారిలో ఒక గోదాము ముందు పెట్టాం. ఫిబ్రవరి నెల. టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, వరసగా దిగే కాలం. లోపల ఆడవాళ్లు నేలమీద కాళ్లు చాపుకొని కూర్చుని తొడిమలు తీస్తున్నారు. గడప దాటిన ప్రతివాడూ దగ్గాడు. వాళ్లు నవ్వారు. మాకు బ్యానరు కట్టడానికే గంట పట్టింది, ఒక కొస కిందికి జారిందని విప్పి మళ్లీ కట్టాం కూడా.

జంతుశాస్త్రం ప్రాక్టికల్స్‌లో నేర్చుకున్న సాలీ పద్ధతిలో రక్తంలో హిమోగ్లోబిన్ చూడటం మా పని. పక్కన మెడికల్ కాలేజీ నుంచి వచ్చిన హౌస్ సర్జన్ కూర్చున్నాడు. గాజు గొట్టంలో పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయాలి. వేలికి సూది గుచ్చి, రబ్బరు గొట్టం తగిలించిన పిపెట్‌ను నోటితో పీలుస్తూ 0.02 మిల్లీలీటర్ల రక్తం తీసి అందులో వదలాలి. పది నిమిషాలకు అది గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పుడు డిస్టిల్డ్ వాటర్ చుక్కచుక్కగా కలుపుతూ పక్కనున్న గాజుపలక రంగుతో కలిసేదాకా చూడాలి. కలిసినచోట గీత దగ్గరున్న అంకే లెక్క. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత.

నా ముందు కూర్చున్న మొదటి ఆవిడ వేళ్లు కొసల దగ్గర చీలి ఉన్నాయి. స్పిరిట్ దూది తగలగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మిరపకాయకు లేని మంట నీ దూదికి ఉందే, బాబూ!" అంది.

ఆ ఘాటు నీళ్లకు వదలదని, నూనెకు వదులుతుందని మా కెమిస్ట్రీ మాస్టారికంటే ఆవిడకే బాగా తెలుసు. ఇంటికి వెళ్లగానే ముందు చేతులకు నూనె, ఆ తర్వాతే సబ్బు. నాకు అంత తెలివి లేక ఆ వేలు పట్టుకున్న చేత్తోనే కన్ను నులుముకున్నాను. మిగతా శిబిరమంతా ఒంటికన్నుతో నడిపించాను.

పని దిగాక సాయంత్రం వచ్చినవాళ్లందరి గొట్టాలూ పసుపు బల్బు కింద చూశాం. రంగు పోల్చే పరీక్షకు పగటి వెలుతురు కావాలని పుస్తకంలో ఉంది. గుర్తు రాలేదు. ఆ సాయంత్రం అంకెల్లో ఎన్ని నిజమో ఆ బల్బుకే తెలియాలి. మాత్రలు పంచి, ఫోటో దిగి వచ్చేశాం.

మరుసటి ఏడాది అదే గోదాము, అదే బ్యానరు. ఆవిడ నన్ను గుర్తుపట్టింది.

"నిరుడు రాసుకుపోయినవాళ్లు మీరేనా? రాసుకుని ఏం చేశారు?"

ఏం చేశామో నాకూ తెలియదు. ఆ పుస్తకం ఫైనలియరు వాళ్ల దగ్గర ఉండేది, వాళ్లు పాసై వెళ్లిపోయారు. ఆవిడ మాత్రలు నాలుగో రోజే మానేసిందట. విరేచనం నల్లగా వచ్చేసరికి లోపల ఏదో కుళ్లిందని భయపడింది. ఇనుము మాత్ర వేసుకుంటే అలాగే అవుతుందని ఒక్క ముక్క మేం చెప్పలేదు.

ఆ మాట మా ప్రోగ్రాం ఆఫీసరు గారికి బాగా తగిలింది. వారంలోపే మమ్మల్ని కొత్తపేటలో రెండు గదుల స్వచ్ఛంద సంస్థకు తీసుకువెళ్లారు. దాన్ని నడిపే అమ్మగారు రిటైరైన నర్సు. సంస్థ పేరు ఎక్కడా వేయవద్దన్నారు, ఇక్కడా వేయడం లేదు. మేం చెప్పిందంతా విని, "మీ దగ్గర చేతులున్నాయి నాయనా, మా దగ్గర వాకిళ్లున్నాయి. సెలవులిస్తే మాత్రం మీ చేతులు ఊళ్లకు పోతాయి" అన్నారు. గోదాములో పరీక్షలు వద్దు, మేస్త్రి చూస్తుంటే ఏ ఆడమనిషీ ఒంట్లో బాగాలేదని చెప్పదు. పొద్దున పనికి బయలుదేరకముందే వాళ్ల వీధి అరుగు మీద కూర్చోవాలి. బ్యానరు వద్దు. రిజిస్టరు ఒక్కటే ఉండాలి, అది కాలేజీది కాదు, సంస్థదీ కాదు, ఆ వీధిది. ఈ చివరి షరతు మా ఆఫీసులో అర్థమవడానికి రెండు నెలలు పట్టింది. ఖర్చు ఎవరి పద్దులో రాయాలన్నది వాళ్ల బాధ.

గుంటూరుకు ఈ ఓపిక కొత్త కాదు. 1883లో అమెరికా లూథరన్ మిషన్ తరఫున ఇక్కడికి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ల కోసం ఆస్పత్రి తెరిచింది 1898లో. నడుమ పదిహేనేళ్లు. మేం పదిహేను రోజుల తర్వాత కూడా మళ్లీ ఆ గోదాము వైపు వెళ్లలేదు.

వెలుతురు వచ్చాక అరుగు మీద తీసిన అంకెలు నమ్మదగ్గవి. ఎనిమిది దాటనివాళ్లను అమ్మగారు వెంటబెట్టుకుని పెద్దాస్పత్రికి తీసుకువెళ్లేవారు, చీటీ ఇచ్చి పంపేవారు కాదు. మిగతా ఇళ్లకు మేం వెళ్లి మాత్ర టీతో వేసుకోవద్దని, నిమ్మకాయ నీళ్లతో అయితే ఒంటికి పడుతుందని, నల్లగా వస్తే భయం లేదని చెప్పేవాళ్లం. పంతొమ్మిదేళ్ల కుర్రాడు నలభై ఏళ్ల ఆవిడతో విరేచనం గురించి మాట్లాడటం ఏ సిలబస్సులోనూ లేదు. మొదటి రోజు నేను నిమ్మకాయ దగ్గరే ఆగిపోయాను.

ఇప్పుడు విశ్వవిద్యాలయాలు సేవాసంస్థలతో ఒప్పందాలు చేసుకుంటున్న వార్తలు పేపర్లో తరచూ చూస్తున్నాను. మంచిదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతానికి రక్తహీనత ఉన్నట్టు తేలింది, చేతులు ఎన్ని కలిసినా తక్కువే. కాకపోతే సంతకానికి ముందు ఇరుపక్షాలూ మిర్చి గోదాములో పది నిమిషాలు కూర్చుని రావాలని ఒక నియమం పెడితే బాగుండును.

పోయిన జనవరిలో మన కాలేజీకి వెళ్లినప్పుడు ఎన్‌ఎస్‌ఎస్ గది బీరువా తీయించాను. మొదటి రిజిస్టరును చెదలు తిన్నాయి. రెండోది ఉంది. నా చేతిరాతలో ఒక పేరు ఎదురుగా, "నల్లగా వస్తోందని మానేసింది. మళ్లీ వెళ్లాలి" అని ఉంది. దాని కింద వేరే సిరాతో ఎవరో జూనియరు, "వెళ్లాం. ఇల్లు మారింది" అని రాశాడు. ఆ కింద, మూడో చేతిరాతలో, కొత్త ఇంటి గుర్తులు.