అయిదు చుక్కల సెరటోనిన్: అప్లీషియా ఎలా గుర్తుపెట్టుకుంటుంది

అప్లీషియా కాలిఫోర్నికా అంటే పైకి గుల్ల కనిపించని ఒక సముద్రపు నత్త. కాలిఫోర్నియా తీరంలో ఎర్ర నాచు మేస్తూ ఏడాదో, కాస్త అటూ ఇటూగానో బతుకుతుంది. దాని నాడీ వ్యవస్థ మొత్తం కలిపి సుమారు 20,000 నాడీకణాలు. వాటిలో కొన్ని దాదాపు మిల్లీమీటరు ఉంటాయి. పెద్ద కణాలు ప్రతి జంతువులోనూ అదే చోట దొరుకుతాయి, కాబట్టి ఎల్7, ఆర్2 అని పేర్లు పెట్టుకుని, ఈ రోజు ఒక జంతువులో చూసిన కణాన్నే రేపు ఇంకో జంతువులో వెతికి పట్టుకోవచ్చు. నాడీశాస్త్రవేత్త ఎరిక్ కాండెల్ క్షీరదాల్ని పక్కనబెట్టి దీన్ని పట్టుకోవడానికి కారణం ఇదే. 2000లో నోబెల్ కూడా ఈ నత్త మీద చేసిన పనికే వచ్చింది.

ప్రవర్తన సంగతి తొందరగా చెప్పేస్తాను. సైఫన్ (నీళ్ళు బయటికి వదిలే గొట్టం) మీద నీటి ధార తగిలితే నత్త మొప్పను లోపలికి లాక్కుంటుంది. అదే ధార పది పదిహేను సార్లు తగిలితే పట్టించుకోవడం మానేస్తుంది. తోక మీద షాక్ ఇస్తే మాత్రం ఆ తర్వాత మామూలు స్పర్శకి కూడా గట్టిగా ముడుచుకుంటుంది. ఒక్క షాక్ ప్రభావం నిమిషాల్లో తగ్గిపోతుంది. నాలుగు రోజుల పాటు పదేపదే ఇస్తే వారాల తరబడి నిలుస్తుంది. నిమిషాల జ్ఞాపకం వారాల జ్ఞాపకంగా మారాలంటే కణంలో ఏం మారాలి? ఈ ప్రశ్నకి జవాబు జంతువులో కంటే కణాల్ని విడిగా పెంచే డిష్‌లోనే బాగా దొరికింది.

డిష్‌లో రెండే కణాలు: స్పర్శని పసిగట్టే ఒక జ్ఞాన నాడీకణం, కండరాన్ని కదిలించే ఒక చాలక నాడీకణం. ముందు జంతువు బరువులో మూడో వంతు నుంచి సగం దాకా మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం (సుమారు 350 మిల్లీమోలార్) ఎక్కించి మత్తు ఇస్తారు. కణాల మధ్య సంకేతాలు పోవడానికి కాల్షియం కావాలి. మెగ్నీషియం దానికి అడ్డుపడుతుంది, అందుకే నత్త మెత్తగా జారిపోతుంది. తర్వాత ప్లూరల్, అబ్డామినల్ గ్యాంగ్లియాన్లను (నాడీకణాల గుంపులను) కోసి, ప్రోటీన్లని తునకలు చేసే 1 శాతం ప్రొటియేజ్ ఎంజైమ్‌లో 34-35 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచుతారు. పని సగం చెడేది ఇక్కడే. ఎంజైమ్ తక్కువైతే పైపొర మెత్తబడదు, గాజు సూదితో కణాన్ని లాగితే ఆక్సాన్ (కణం నుంచి సాగే పొడుగాటి తీగ) మొదట్లోనే తెగిపోతుంది. ఎక్కువైతే కణం చేతికి రాకముందే పగులుతుంది. ఆక్సాన్ ఎంత పొడుగ్గా వస్తే తర్వాత పెరుగుదల అంత బాగుంటుంది.

కణాలు అంటుకునేలా పాలీలైసిన్ పూసిన డిష్‌లో ముందు చాలక కణాన్ని పెట్టి, జ్ఞాన కణం ఆక్సాన్ కొసని దాని ఆక్సాన్‌కి ఆనిస్తారు. ద్రవంలో సగం పెద్ద నత్తల హీమోలింఫ్ (వాటి రక్తం), సగం లవణాలు సముద్రపు నీటికి సరిపెట్టిన ఎల్15 అనే పోషక ద్రావణం. హీమోలింఫ్ లేకుండా పెరుగుదల సరిగా రాదు. కణాలు డిష్‌కి అంటుకునేదాకా డిష్‌ని కదపకూడదు. ఇంక్యుబేటర్ తలుపు గట్టిగా వేసినా ఆనించిన కొస తొలగిపోతుంది. 18 డిగ్రీల దగ్గర నాలుగైదు రోజులకి సినాప్స్ (సంకేతం ఒక కణం నుంచి ఇంకో కణానికి దాటే చోటు) తయారవుతుంది.

ఇప్పుడు కొలత. జ్ఞాన కణానికి చిన్న విద్యుత్ పల్స్ ఇచ్చి, చాలక కణంలో ఎన్ని మిల్లీవోల్టుల స్పందన వచ్చిందో గాజు ఎలక్ట్రోడ్‌తో చూడాలి. చాలక కణాన్ని దాని విరామ స్థితి కంటే 30 మిల్లీవోల్టులు కిందికి పట్టి ఉంచాలి. లేకపోతే అది తానే విద్యుత్ సంకేతం పేల్చేస్తుంది, అప్పుడు సినాప్స్ బలం ఎంతో చెప్పలేం. ఇంకో చిక్కు: ఈ సినాప్స్ ఊరికే అలిసిపోతుంది. పది సెకన్లకొకసారి కొడితే స్పందన చకచకా పడిపోతుంది. అందుకే మొదట్లో ఒకటి రెండు పరీక్షలు చేసి ఎలక్ట్రోడ్ తీసేస్తారు, 24 గంటల తర్వాత మళ్ళీ గుచ్చుతారు. మధ్యలో ఆత్రం ఆపుకోలేక మరో పరీక్ష చేస్తే చూస్తున్నది జ్ఞాపకమో అలసటో తెలియదు.

తోక షాక్ బదులు డిష్‌లో సెరటోనిన్ అనే నాడీ రసాయనం వాడతారు, ఎందుకంటే జంతువులో షాక్ తగిలినప్పుడు విడుదలయ్యేది కూడా అదే. 10 మైక్రోమోలార్, అయిదు నిమిషాలు, తర్వాత కడిగెయ్యాలి. ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవుంటే పాడవుతుంది. ఒక్కసారి (దీన్నే ఒక పల్స్ అంటారు) ఇస్తే సినాప్స్ నిమిషాల పాటు బలపడి మామూలైపోతుంది. 20 నిమిషాలకొకసారి అయిదుసార్లు ఇస్తే మర్నాడు కూడా బలంగానే ఉంటుంది. అయిదింటినీ కలిపి 25 నిమిషాలు ఒకే బిగిన పోస్తే అంత బాగా పనిచెయ్యదు.

ఒక్క పల్స్‌లో జరిగేది ఇది. సెరటోనిన్ తగలగానే జ్ఞాన కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది, పీకేఏ అనే ఎంజైమ్ మేలుకుంటుంది. అది పొటాషియం బయటికి పోయే దారుల్లో (ఛానెళ్ళలో) కొన్నిటిని మూయిస్తుంది. విద్యుత్ సంకేతం కాస్త వెడల్పవుతుంది, కాల్షియం ఎక్కువ లోపలికొస్తుంది, పక్క కణానికి సంకేతం మోసే గ్లుటమేట్ ఎక్కువ బయటికి పోతుంది. కొత్తగా ఏదీ తయారవలేదు, ఉన్న ప్రోటీన్లే అటూ ఇటూ మారాయి. అందుకే ప్రోటీన్ తయారీని ఆపే ఎనిసోమైసిన్ పోసినా ఈ కొద్ది నిమిషాల జ్ఞాపకానికి ఏమీ కాదు. అయిదు పల్స్‌ల సమయంలో పోస్తే మాత్రం మర్నాటికి ఏమీ మిగలదు. శిక్షణ ముగిసి చాలాసేపయ్యాక పోస్తే ఆ దెబ్బ తగలదు. అంటే ప్రోటీన్లు కావలసిన కిటికీ చిన్నదే.

అయిదు పల్స్‌లు పడ్డప్పుడు పీకేఏ కేంద్రకం దాకా వెళ్ళి, జన్యువుల్ని మేల్కొలిపే క్రెబ్1 అనే ప్రోటీన్‌ని పనిలో పెడుతుంది. దానికి అడ్డంగా క్రెబ్2 అనే మరో ప్రోటీన్ కూర్చుని ఉంటుంది. దాన్ని తప్పించేది ఈఆర్‌కే అనే మరో ఎంజైమ్. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన ప్రయోగం 1995లోది: క్రెబ్2కి వ్యతిరేకంగా తయారుచేసిన యాంటీబాడీని కణంలోకి ఎక్కించి, ఒకే ఒక్క పల్స్ ఇచ్చారు. మర్నాడు సినాప్స్ అయిదు పల్స్‌లు అందుకున్నట్టే బలంగా ఉంది. మిగతా నాలుగు పల్స్‌లు చేసే పనిలో పెద్ద భాగం అడ్డు తొలగించడమేనన్నమాట. మామూలుగా దీన్ని ‘జ్ఞాపకం నిర్మాణం’ అని మాత్రమే చెప్పేస్తారు, ఆపేది ఒకటుందని చెప్పరు.

అడ్డు తొలగాక మొదలయ్యే జన్యువుల్లో ఒకటి పీకేఏకి ఉన్న కళ్ళేన్ని తెంపే పనిలో సాయపడుతుంది. దాంతో సెరటోనిన్ పోయాక కూడా పీకేఏ గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. తర్వాత జ్ఞాన కణానికి సినాప్స్‌లు ఏర్పరిచే కొత్త మొనలు పుడతాయి. క్రెయిగ్ బెయిలీ, మేరీ చెన్ జంతువులో లెక్కపెట్టినప్పుడు షాకులతో సున్నితపడ్డ నత్తల్లో జ్ఞాన కణాల మొనలు మామూలు వాటికంటే దాదాపు రెట్టింపు ఉన్నాయి. పట్టించుకోవడం మానేసిన నత్తల్లో తగ్గాయి. డిష్‌లో చాలక కణం లేకుండా జ్ఞాన కణాన్ని ఒంటరిగా ఉంచి సెరటోనిన్ పోస్తే ఈ మొనలు రావు.

కేంద్రకం ఒకటే, సినాప్స్‌లు వందలు. కొత్త ప్రోటీన్లు అన్నిటికీ పోతే జ్ఞాపకం ఒకచోటే ఎలా నిలుస్తుంది? కెల్సీ మార్టిన్ 1997లో రెండు కొమ్మలుగా చీలిన ఒక జ్ఞాన కణాన్ని రెండు చాలక కణాలతో పెంచి, ఒక కొమ్మ మీద మాత్రమే అయిదుసార్లు సెరటోనిన్ చల్లారు. ఆ కొమ్మే బలపడింది. అయితే రెండో కొమ్మ మీద ఒక్క పల్స్ పడితే చాలు, మొదటి కొమ్మ వల్ల తయారైన సరుకులో అది కూడా వాటా పట్టుకుంది.

ఇక 20 నిమిషాల విరామం విషయం. అది ప్రయోగాల్లో అలవాటుగా స్థిరపడిందే తప్ప వెతికి తేల్చినది కాదు. హ్యూస్టన్‌లో జాన్ బర్న్ బృందం పీకేఏ, ఈఆర్‌కేల పెరుగుదలని కంప్యూటర్ నమూనాగా రాసి, 10,000 రకాల విరామాలు ప్రయత్నించింది. సెరటోనిన్‌కి పీకేఏ వెంటనే లేస్తుంది, ఈఆర్‌కే ముప్పావు గంటకి గాని శిఖరానికి చేరదు. రెండూ ఎక్కువగా కలిసి ఉండేలా చేసే విరామాలు 10, 10, 5, 30 నిమిషాలని తేలింది. చూడ్డానికి గజిబిజిగా ఉన్న ఈ లెక్కతో 2012లో డిష్‌లో సెరటోనిన్ పోస్తే సినాప్స్ అయిదో రోజుకి కూడా బలంగానే ఉంది. అదే వరసలో తోక షాకులు తిన్న నత్తలు కూడా సమాన విరామాల నత్తల కంటే ఎక్కువ కాలం గుర్తుపెట్టుకున్నాయి.