చేపా, చికెనా?

మన బడి స్వర్ణోత్సవ కమిటీ పంపిన ఫారంలో ఏడో గడి "శ్రీమతి పేరు". మూడు రోజులు ఆ గడిని ఖాళీగా ఉంచాను. నాలుగో రోజు "మతి" కొట్టేసి, మిగిలిన "శ్రీ" పక్కన పేరు రాసి పంపించాను. మరుసటి వారం స్వర్ణోత్సవ సంచికలో "అమెరికా అనుభవాలు" శీర్షికకు ఏదైనా రాయమని కబురు వచ్చింది. ఫారం చూసి అడిగారో, చూడకుండా అడిగారో తెలియదు. చూసే అడిగారనుకుని రాస్తున్నాను.

1999 వేసవిలో పదో తరగతి పరీక్షలు రాసి, ట్రంకు పెట్టె హాస్టల్లోనే వదిలేసి వెళ్ళిపోయినవాణ్ణి నేను. వై2కే (2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న గండం) పుణ్యమా అని నాన్నగారికి హ్యూస్టన్‌లో ఉద్యోగం వచ్చింది. హైస్కూలు అక్కడే ముగించి, 2002లో టెక్సాస్‌లోనే ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరాను.

నేను గే అన్న సంగతి మన డార్మిటరీలో ఉండగానే నాకు తెలుసు. అప్పటికి దాని పేరే తెలియదు. పత్రికలు వాడే "స్వలింగ సంపర్కుడు" అనే మాట పోలీసు రికార్డులోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది కాబట్టి, ఆ మూడక్షరాల ఇంగ్లీషు మాటనే వాడుతున్నాను. రాత్రి దీపాలు ఆర్పాక ఎవరెవరు ఏ హీరోయిన్‌ను పెళ్లి చేసుకుంటారో వంతులవారీగా చెప్పుకునేవారు, గుర్తుందా? నా వంతు వచ్చేసరికి నేను గురక పెట్టేవాణ్ణి. అంత త్వరగా నిద్రపోయే పిల్లవాడు లేడని వార్డెన్‌గారు మా అమ్మతో మెచ్చుకోలుగా చెప్పారు కూడా.

అలాంటివాడు అమెరికాలో ఫ్రెటర్నిటీలో చేరాడంటే అక్కడి వాళ్ళకే నవ్వొస్తుంది. ఫ్రెటర్నిటీ అంటే మగపిల్లల సోదర సంఘం. గుమ్మం మీద గ్రీకు అక్షరాలు, లోపల నలభై మంది, వారానికో పార్టీ, గోడ నిండా పాత బ్యాచ్‌ల ఫోటోలు. నేను చేరడానికి కారణం చాలా చిన్నది. కొత్తవాళ్ళను పరిచయం చేసుకునే "రష్" వారంలో ఆ ఇంట్లో అడుగు పెట్టగానే తడి తువ్వాళ్ళ వాసన వచ్చింది. అచ్చం మన హాస్టలే. మూడేళ్ళుగా బెంగ పెట్టుకున్న చోటు అది.

చేర్చుకుంటామని కార్డు ఇచ్చాక కొన్ని వారాలు "ప్లెడ్జి"గా ఉండాలి. అగ్గిపుల్ల గీసి చేతికిచ్చి, అది వేళ్ళను కాల్చేలోగా గ్రీకు అక్షరమాల మొత్తం అప్పజెప్పమనేవారు. ఇది ర్యాగింగ్ కాదా అంటే అదే, దాన్ని నేను సమర్థించను. అయితే మన లెక్కల మాస్టారి చలవ వల్ల సగం అక్షరాలు నాకు ముందే వచ్చు. చిక్కల్లా రెండో అక్షరం దగ్గరే. మనం "బీటా" అంటాం, వాళ్ళు "బేటా" అంటారు. నేను బీటా అన్నప్పుడల్లా నలభై మందీ నవ్వేవారు. బేటా అంటే హిందీలో కొడుకా అని అర్థమని చెప్పాక, నన్నే అలా పిలవడం మొదలుపెట్టారు. నాలుగేళ్ళూ నా పేరు అదే.

ఆ ఇంట్లో "గే" అనేది మామూలు తిట్టు. టీవీ పనిచేయకపోతే టీవీ గే, వాన పడితే వాన గే. తిట్టేవాళ్ళకు అందులో నేనున్నానని తెలియదు, కాబట్టి నాకు కోపం రాకూడదు. కాని భయం వచ్చేది. 1998 అక్టోబరులో వయోమింగ్‌లో మాథ్యూ షెపర్డ్ అనే విద్యార్థిని, గే అయినందుకు, చావగొట్టి కంచెకు కట్టేసి పోయారు. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ ఆస్పత్రిలో అతడు చావుబతుకుల్లో ఉండగానే, అదే ఊళ్ళో కాలేజీ ఉత్సవపు ఊరేగింపులో ఒక శకటానికి దిష్టిబొమ్మను కట్టి, దాని మీద గేలను తిట్టే రాతలు రాశారు. ఆ శకటం ఒక ఫ్రెటర్నిటీది, ఒక అమ్మాయిల సంఘానిది. మా కాలేజీలో ఆ కథ తెలియనివాడు లేడు. గేల కోసమే 1986లో వాషింగ్టన్‌లో పుట్టిన డెల్టా లాంబ్డా ఫై అనే ఫ్రెటర్నిటీ ఉందని లైబ్రరీ కంప్యూటర్లో చదివాను. మా ఊళ్ళో దాని శాఖ లేదు. ఉన్నా, నాకు కావలసింది ఈ తువ్వాళ్ళ ఇల్లే.

2003 జూన్ 26న సెలవులకు ఇంట్లో ఉన్నాను. మగవాళ్ళిద్దరి మధ్య సంబంధాన్ని నేరంగా చూసే టెక్సాస్ చట్టాన్ని సుప్రీంకోర్టు 6-3 తేడాతో కొట్టేసింది. ఆ కేసు మా హ్యూస్టన్‌దే. 1998లో హారిస్ కౌంటీ పోలీసులు జాన్ లారెన్స్‌ను, టైరన్ గార్నర్‌ను లారెన్స్ ఇంట్లోనే అరెస్టు చేశారు. చెరి 200 డాలర్ల జరిమానా పడితే, కట్టి ఊరుకోకుండా ఢిల్లీదాకా అన్నట్టు వాషింగ్టన్‌దాకా వెళ్ళారు. టీవీలో ఆ వార్త వస్తుండగా నాన్నగారు రిమోట్ తీసుకుని వాతావరణం పెట్టారు. జూన్ నెల హ్యూస్టన్‌లో వాతావరణం గురించి తెలుసుకునేది ఏముంటుంది, ఉక్క తప్ప! ఆ రోజు నుంచి నేను చట్టం ప్రకారం నేరస్థుణ్ణి కాను. ఆ మాట ఎవరితోనైనా అనాలనిపించింది, ఇంట్లో మాత్రం కాదు.

అక్టోబరులో అన్నాను. పార్టీ అయ్యాక తెల్లవారుజామున మూడింటికి వంటగది తుడిచే వంతు నాదీ, మా "పెద్దన్న"దీ. ప్రతి కొత్తవాడికీ అక్కడ ఒక పెద్దన్నను కేటాయిస్తారు. నావాడు వెస్ట్ టెక్సాస్ పత్తి రైతుల బిడ్డ, ఆదివారం చర్చి మానడు. బీరు ఒలికి నేల చెప్పులకు అంటుకుంటోంది. బకెట్లో గుడ్డ పిండుతూ, తల ఎత్తకుండా చెప్పేశాను. అతను కర్ర మీద ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. "సరే" అన్నాడు. తర్వాత, "ఫ్రిజ్ కింద వదిలేశావు, బేటా, అక్కడ కూడా తుడువు" అన్నాడు.

ఫ్రిజ్ కింద అంత శ్రద్ధగా తుడిచినవాడు ఆ ఇంటి చరిత్రలో ఉండడు.

వారంలో అందరికీ తెలిసింది. చెప్పమని నేనే అన్నాను. నా గదిలో ఉండే కుర్రాడు ఆదివారం సమావేశంలో లేచి, నన్ను వేరే గదికి మార్చమన్నాడు. అధ్యక్షుడు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "గది మారాలనుకున్నవాడే మారాలి, నియమం అది" అని తర్వాతి అంశం చదివాడు. అది పైకప్పు కారడం గురించి. ఆ కుర్రాడు మారిపోయాడు. వంటగదిలో పనుల చక్రం ఒకటి ఉండేది, అట్టముక్క మధ్యలో గుండుపిన్ను గుచ్చి చేసినది. పేర్లు లోపల, పనులు బయట. సోమవారం వెళ్ళి చూశాను. ఉమ్మడి స్నానాలగది కడిగే పనికి ఎదురుగా ఎప్పటిలాగే నా పేరు. అంత సంతోషంగా మరుగుదొడ్లు ఎవరూ కడిగి ఉండరు.

అంతా పండుగేమీ కాదు. నన్ను చూడగానే ఆ తిట్టును నోట్లోనే మింగేవారు; మింగడం తిట్టడం కన్నా ఇబ్బందిగా ఉండేది. ఇద్దరు చదువు ముగిసేదాకా నాతో పొడిపొడిగానే ఉన్నారు.

2004 ఏప్రిల్‌లో శాన్ ఆంటోనియోలో ఏడాది విందు. ఒక్కొక్కరూ జంటగా రావాలి. విందు చూసే కుర్రాడు పలక పట్టుకుని గదిగదికీ తిరుగుతూ నా దగ్గర ఆగాడు. "నువ్వు శాకాహారివి, తెలుసు. నీతో వచ్చే అతనికి చేపా, చికెనా?" పెన్ను మూత తీసి నిలబడ్డాడు, తల కూడా ఎత్తలేదు. అతను! అప్పటికి నాకు అతనెవరూ లేడు. లేడని చెప్పబుద్ధి కాలేదు. "చేప" అన్నాను. విందులో నా పక్క కుర్చీ ఖాళీ. ఆ చేపను మా పెద్దన్న తనది తిన్నాక తిన్నాడు.

అమ్మానాన్నల సంగతి వేరే వ్యాసం, ఈ సంచికలో పట్టదు. 2015లో అమెరికా అంతటా మాలాంటివాళ్ళ పెళ్లిళ్లకు చట్టం ఒప్పుకుంది. మరుసటి ఏడాది, లారెన్స్‌నూ గార్నర్‌నూ అరెస్టు చేసిన హారిస్ కౌంటీలోనే మా ఇద్దరికీ పెళ్లి లైసెన్సు ఇచ్చారు. ఆ ఇంటి నుంచి పదకొండు మంది వచ్చారు. గది మారినవాడు రాలేదు, కాని ఒక కుక్కర్ పంపాడు.

2018 సెప్టెంబరు 6న మాలాంటివాళ్ళ సంబంధాలు నేరం కాదని మన సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌పై తీర్పు ఇచ్చిన రోజు మన బ్యాచ్ గ్రూపులో జోకులు వెల్లువెత్తాయి. ఆ కేసులో కోర్టుకు వెళ్ళినవారిలో ఐఐటీల విద్యార్థులు, పూర్వ విద్యార్థులు ఇరవై మంది ఉన్నారు. పూర్వ విద్యార్థులు సంచికలు వేయడమే కాదు, ఇలాంటివి కూడా చేస్తారని గ్రూపులో రాద్దామనుకున్నాను. రాయలేదు. మళ్ళీ గురక పెట్టాను.

పోయిన శనివారం కమిటీలో భోజనాలు చూస్తున్న మనవాడు ఫోను చేశాడు. డార్మిటరీలో నా ఎదుటి మంచం వాడు.

"ఒరేయ్, నీ ఫారం చూశాను. ఇద్దరని రాసుకున్నాను. ఆయన విస్తట్లో తింటాడా, ప్లేటూ చెంచా పెట్టించాలా?"

గొంతు పెగలడానికి కొంచెం సమయం పట్టింది. "చేత్తోనే తింటాడురా. పప్పన్నం దాకా బాగానే కలుపుతాడు. చారు వడ్డించేసరికి మాత్రం నా వంక చూస్తాడు."

"అయితే చారు గ్లాసులో పోయిస్తానులే" అని పెట్టేశాడు.