తూటా గుల్లల మసి

కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, నోట్లో ఎప్పుడూ ఏదో లోహపు రుచి. అమెరికాలో అబ్బాయి దగ్గర ఉండి రాయగడకు తిరిగి వచ్చాక ఇవి నన్ను వదల్లేదు. ఇక్కడ ముందు గ్యాసన్నారు, తరువాత పుండన్నారు, రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశారు. మా ఆవిడ మజ్జిగౌరమ్మకు మొక్కుకుంది. నేను అయినదానికీ కానిదానికీ కసురుకుంటూ ఉండేవాణ్ణి. అది కూడా జబ్బు లక్షణమేనని తరువాత తెలిసింది కానీ, ఆ వాదనను మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

చివరికి రైలెక్కి విశాఖ వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసింది. ఎర్రకణాల్లో నీలి చుక్కలున్నాయట.

"చేతులతో ఏం పని చేస్తుంటారండీ?"

"మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యానమ్మా. ఇప్పుడేం లేదు."

"ఈ మధ్య ఏమీ చేయలేదా?"

"అబ్బాయి ఇంట్లో తూటా గుల్లలు శుభ్రం చేసేవాణ్ణి."

ఆమె వెంటనే రక్తంలో సీసం ఎంతుందో చూడమని రాసింది. డెసిలీటరుకు 46 మైక్రోగ్రాములని తేలింది. 3.5 దాటితే చాలు, ఆరా తీయాలని అమెరికా ఆరోగ్య సంస్థలు అంటాయి.

అబ్బాయికి వారాంతాల్లో రైఫిల్ షూటింగ్ సరదా. అక్కడ చాలామంది కాల్చిన గుల్లలను ఏరి తెచ్చుకుని, మళ్లీ మందు నింపి వాడుకుంటారు. గుల్ల మంచి ఇత్తడి, సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. అలాంటి లోహం మసి పట్టి పడి ఉంటే ఫిట్టరు చేతులు ఊరుకోవు. గ్యారేజీలో అదిరే గిన్నె ఒకటి ఉండేది. అందులో అక్రోటు పెంకుల పొడి పోసి, గుల్లలు వేసి తిప్పితే బంగారంలా మెరిసేవి. తరువాత జల్లెడ పట్టి పొడిని వేరు చేయాలి. అప్పుడే దుమ్ము లేస్తుంది. గుల్ల అడుగున, దెబ్బ తగలగానే లోపలి మందును అంటించే ప్రైమర్‌లో సాధారణంగా సీసపు సమ్మేళనం ఉంటుంది. కాల్చినప్పుడు ఆ సీసం మసిగా మారి లోపల అంటుకుంటుంది. జల్లెడ పట్టినంతసేపూ నేను పీల్చింది దాన్నే.

డాక్టరమ్మ విరుగుడు మందు ఇవ్వలేదు. ఆ మోతాదుకు సీసం నుంచి దూరంగా ఉండటమే వైద్యమంది. ఐరన్ మాత్రలు మాత్రం కొనసాగించమంది, ఇనుము తక్కువైన ఒంట్లోకి సీసం మరింత సులువుగా చేరుతుందట. రక్తంలో సీసం సగానికి తగ్గడానికి నెల పైచిలుకు పడుతుంది. ఎముకల్లో చేరింది ఏళ్ల తరబడి ఉండిపోయి, కొద్దికొద్దిగా మళ్లీ రక్తంలోకి వస్తూ ఉంటుంది. నాకు ముందు ఆకలి వచ్చింది, తరువాత నిద్ర, ఆ తరువాత మెట్లెక్కే ఓపిక. వేళ్ల తిమ్మిరి అన్నిటికంటే ఆలస్యంగా పోయింది.

ఇంతకంటే కష్టమైనది అబ్బాయికి ఫోను చేయడం. మా మనవడు ఆ గ్యారేజీ గచ్చు మీదే పాకేవాడు. నా బట్టల మీది దుమ్ము ఆ ఇంట్లో ఎక్కడెక్కడికి చేరిందో! వాడి రక్తపరీక్ష ఫలితం వచ్చేవరకు నాకు ముద్ద దిగలేదు. హద్దుకు లోపలే వచ్చింది. కోడలు ఏడ్చింది, నేను ఫోను మా ఆవిడకు ఇచ్చేశాను.

అబ్బాయి ఆ గిన్నెను పారేసి నీళ్లతో తిప్పే డ్రమ్ము కొన్నాడు. గుల్లలు, సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు, నీళ్లు, కొంచెం గిన్నెల సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు. ప్రైమర్‌ను ముందే తీసేస్తే దాని గూడు కూడా శుభ్రమవుతుంది. దుమ్ము లేవదు. అలాగని సీసం ఎక్కడికీ పోదు, ఆ నల్లని నీళ్లలోనే ఉంటుంది. చేతి తొడుగులు వేసుకోవాలి, ఆ నీళ్లు వంటింటి సింకులోనో కూరమొక్కల పాదుల్లోనో పోయకూడదు, గుల్లలను వంట ఓవెన్‌లో ఆరబెట్టకూడదు. ఇవన్నీ వాడికి వీడియో కాల్‌లో దగ్గరుండి చెప్పాను. వాడు తొడుగులు లేకుండా డ్రమ్ము మూత తీయబోతే మళ్లీ కసురుకున్నాను. ఈసారి జబ్బు వల్ల కాదు.