సింథ్ నుంచి రీపర్‌కి రెండు దారులు

హార్డ్‌వేర్ సింథ్ (విడి పరికరంగా ఉండే సింథసైజర్) కొత్తగా కొన్నవాళ్ళు మొదట చిక్కుకునేది ఇక్కడే. యూఎస్‌బీ కేబుల్ పెట్టి, కంప్యూటర్‌లో సంగీతం రికార్డ్ చేసే రీపర్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ నొక్కి వాయిస్తారు. తెర మీద నోట్లు చక్కగా పడతాయి. వెనక్కి తిప్పి వింటే చడీచప్పుడూ ఉండదు. కేబుల్ తప్పేం లేదు. కోర్గ్ మినీలాగ్ లాంటి సింథ్‌లో యూఎస్‌బీలో నడిచేది మిడి ఒక్కటే: ఏ కీ, ఎప్పుడు, ఎంత బలంగా నొక్కారన్న సమాచారం. శబ్దం బయటికొచ్చేది వెనకున్న పావు అంగుళం జాక్ నుంచి. ఈ రెండు దారులనీ మనసులో విడివిడిగా పెట్టుకుంటే, ఏ సమస్య వచ్చినా ఎక్కడ వెతకాలో సగం తెలిసినట్టే.

కొన్ని సింథ్‌లు యూఎస్‌బీలోనే ఆడియో కూడా పంపిస్తాయి. మినీలాగ్ పంపదు. 2016లో వచ్చిన ఈ నాలుగు గొంతుల (ఒకేసారి నాలుగు నోట్లు పలికే) అనలాగ్ సింథ్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. శబ్దాన్ని కంప్యూటర్‌లోకి చేర్చే పెట్టె, అంటే ఆడియో ఇంటర్‌ఫేస్‌గా, స్కార్లెట్ 2ఐ2 లాంటి రెండు ఇన్‌పుట్లది ఏదైనా సరిపోతుంది.

ముందు శబ్దం దారి. మినీలాగ్ అవుట్‌పుట్ మోనో కాబట్టి ఒక్క కేబుల్ చాలు. గిటార్‌కి వాడే మామూలు పావు అంగుళం కేబులే, మూడు మీటర్లు దాటకుండా చూసుకోండి. ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్ బటన్ ఆఫ్‌లో ఉండాలి. అది గిటార్ పికప్ లాంటి బలహీనమైన సిగ్నల్ కోసం పెట్టింది. సింథ్ లైన్ లెవెల్‌ని అందులోకి పంపితే గెయిన్ సున్నాలో ఉన్నా శబ్దం చిట్లిపోవచ్చు. సింథ్ వాల్యూమ్‌ని ముప్పావు వంతు పైకి తిప్పి, తర్వాత ఇంటర్‌ఫేస్ గెయిన్ పెంచండి. ఇది తారుమారు చేస్తే, అంటే సింథ్‌ని తగ్గించి ఇంటర్‌ఫేస్‌ని పెంచితే, శబ్దంతోపాటు రొద కూడా పెరుగుతుంది.

లెవెల్ చూసుకునేటప్పుడు ఒక్క నోటు వాయించి సరిపెట్టుకోవద్దు. నాలుగు నోట్ల కార్డ్ గట్టిగా పట్టుకుని, ఫిల్టర్ నాబ్‌లలో రెజొనెన్స్ పెంచి, కటాఫ్‌ని కింది నుంచి పైదాకా నెమ్మదిగా తిప్పండి. ఎక్కడో ఒకచోట ఫిల్టర్ ఈల వేసినట్టు లేస్తుంది. మీటర్ అక్కడ మైనస్ 10 డీబీ దాటకపోతే చాలు. 24 బిట్‌లో రికార్డ్ చేసేటప్పుడు ఇంకా పైకి తోయాల్సిన పనే లేదు.

ఇక మిడి. రీపర్ ప్రిఫరెన్సెస్‌లో మిడి పరికరాల పేజీలో మినీలాగ్ పేరుతో ఒకటికి మించి పోర్టులు కనిపిస్తాయి. ఇన్‌పుట్‌లో కేబీడీ/నాబ్ అన్నదాన్ని, అవుట్‌పుట్‌లో సౌండ్ అన్నదాన్ని ఎనేబుల్ చేయాలి. మిగిలినవి సింథ్ వెనకున్న ఐదు పిన్నుల సాకెట్లకు చెందినవి. పోర్ట్ తెరుచుకోవడం లేదని రీపర్ మొరాయిస్తే, సింథ్ టోన్లని కంప్యూటర్‌లో దాచే లైబ్రేరియన్ సాఫ్ట్‌వేర్ వెనకాల తెరిచి ఉందేమో చూడండి. విండోస్‌లో కొన్ని డ్రైవర్లు ఒక పోర్టుని ఒకేసారి రెండు ప్రోగ్రాములకు ఇవ్వవు.

ట్రాకులు రెండు పెట్టండి. మొదటిదానికి ఇన్‌పుట్ కేబీడీ/నాబ్, రికార్డ్ మానిటర్ ఆన్, రూట్ విండోలో మిడి హార్డ్‌వేర్ అవుట్‌పుట్ సౌండ్. రెండోదానికి ఇన్‌పుట్ మోనో 1. ఇక్కడ స్టీరియో ఎంచుకుంటే శబ్దం ఎడమ చెవిలోనే వినిపిస్తుంది. రెండింటినీ ఆర్మ్ చేసి (రికార్డ్‌కి సిద్ధంగా పెట్టి) కలిపే రికార్డ్ చేయమని గట్టిగా చెప్తాను. ఆడియో ఒక్కటే ఉంటే తప్పు పడిన నోటుని సరిదిద్దలేరు. మిడి ఒక్కటే ఉంటే, మీరు నాబ్‌లు కదిపాక ఆ టోన్ మళ్ళీ దొరుకుతుందన్న భరోసా లేదు.

ఇప్పుడు వాయిస్తే ప్రతి నోటూ రెండుసార్లు పలికినట్టు, గొంతు కాస్త ముక్కుతో పాడినట్టు వినిపిస్తుంది. కీ నొక్కగానే సింథ్ తనంతట తాను ఒకసారి పలికింది. అదే నోటు రీపర్‌కి వెళ్ళి తిరిగొచ్చి మళ్ళీ పలికించింది. నాలుగే గొంతులున్న సింథ్‌లో దీని దెబ్బ పెద్దది: మూడు నోట్ల కార్డ్‌కి ఆరు నోట్ల భారం పడి, సాగాల్సిన నోట్లు మధ్యలో తెగిపోతాయి. మినీలాగ్ గ్లోబల్ సెట్టింగుల్లో లోకల్ స్విచ్ ఆఫ్ చేయండి. కీబోర్డుకీ గొంతుకీ లోపలి లింకు తెగి, ఇక రీపర్ ద్వారానే పలుకుతుంది. కంప్యూటర్ లేకుండా వాయించేటప్పుడు దాన్ని మళ్ళీ ఆన్ చేయాలి. లేదంటే సింథ్ మూగబోయిందని కంగారు పడతారు.

లోకల్ ఆఫ్ చేసినా జంటగా వినిపిస్తుంటే ఇంటర్‌ఫేస్ మీది డైరెక్ట్ మానిటర్ (వచ్చిన శబ్దాన్ని కంప్యూటర్ దాకా వెళ్ళకుండానే వినిపించే స్విచ్) చూడండి. అదీ, రెండో ట్రాక్ మానిటరింగూ రెండూ ఆన్‌లో ఉన్నట్టున్నాయి. ఏదో ఒకటే ఉంచండి. వాయించేటప్పుడు డైరెక్ట్ మానిటరే మేలు, అందులో బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని కొంచెం కొంచెంగా పోగేసుకునే చోటు) ఆలస్యం ఉండదు. 48,000 శాంపుల్ రేట్‌లో 128 శాంపుళ్ళ బఫర్ అంటే ఒకవైపుకే 2.7 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7. రానూపోనూ కలిపితే వేళ్ళకి తెలిసిపోతుంది.

ఆలస్యం గురించి ఇంకో మాట. ఐదు పిన్నుల మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక నోటు సందేశానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. యూఎస్‌బీలోనూ సందేశం చేరి సింథ్ పలకడానికి కొంత సమయం పడుతుంది. అందుకే గ్రిడ్ మీద కచ్చితంగా పెట్టిన మిడిని పంపి ఆడియో రికార్డ్ చేస్తే, శబ్దం గీతకి కాస్త వెనక పడుతుంది. దాన్ని కొలవడం తేలిక. అటాక్ సున్నాలో ఉన్న (నొక్కగానే మొదలయ్యే) పొట్టి టోన్ పెట్టి, ఎనిమిది బీట్లకు ఎనిమిది నోట్లు పంపి రికార్డ్ చేయండి. బాగా జూమ్ చేసి గీతకీ వేవ్ మొదలుకీ మధ్య దూరం చూడండి. ఎనిమిదింటిలోనూ ఒకేలా ఉంటే, ఆల్ట్ ఎస్‌తో స్నాప్ (గీతకి అతుక్కోవడం) ఆపి, ఆడియో ఐటమ్‌ని అంత మేర ఎడమకి జరిపితే అయిపోతుంది. ఒక్కోచోట ఒక్కోలా ఉంటే జరిపి లాభం లేదు. బఫర్ తగ్గించి, యూఎస్‌బీ హబ్ తీసేసి, నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టి మళ్ళీ కొలవండి.

సింథ్‌లోని సీక్వెన్సర్ (దాచిన నోట్ల వరసని తానే వాయించేది) వాడకపోతే రీపర్ నుంచి మిడి క్లాక్ (టెంపో సంకేతం) పంపకండి. పంపితే రీపర్ ప్లే నొక్కగానే సింథ్‌లో ఎంచుకున్న ప్రోగ్రామ్‌లో (సేవ్ చేసిన టోన్‌లో) దాచి ఉన్న సీక్వెన్స్ తనంతట తాను మొదలై మీ నోట్ల మీద పడొచ్చు. వాడేట్టయితే పాట ముందు రెండు బార్లు ఖాళీగా వదలండి, టెంపో కుదురుకుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ విసిగించేది రొద. మనవైపు కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి గ్రౌండ్ లూప్ (కేబుళ్ళ ఎర్త్ తీగలు కలిసి వలయం అవడం) ఉంటే ఆ మంద్ర స్థాయిలో గుంయ్‌మనే శబ్దం వస్తుంది. రెండో రకం సన్నని కూత. మౌస్ కదిపినా, తెర మీద కిటికీ జరిపినా అది మారుతుంది. అది ల్యాప్‌టాప్ లోపలి రొదే. యూఎస్‌బీ గ్రౌండూ ఆడియో కేబుల్ గ్రౌండూ కలిసి ఒక వలయం అవడంతో అది మీ రికార్డింగ్‌లోకి ఎక్కుతుంది. ఛార్జర్ పీకి చూడండి, తర్వాత సింథ్ యూఎస్‌బీ పీకి చూడండి. దేనితో ఆగితే దారి అదే. యూఎస్‌బీ అని తేలితే ఐదు పిన్నుల మిడికి మారండి. మిడి ఇన్ దగ్గర ఆప్టో ఐసొలేటర్ ఉంటుంది, సందేశం వెలుగు రూపంలో దాటుతుంది, కరెంటు దాటదు. అందుకోసం కొనే చౌక యూఎస్‌బీ-మిడి కేబుల్ మీద ఇన్, అవుట్ అన్న గుర్తులు ఒక్కో తయారీలో ఒక్కో అర్థంతో ఉంటాయి. పలకకపోతే రెండూ మార్చి పెట్టి చూడండి. రొద పోతుంది కదా అని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీయొద్దు, ప్రాణానికే ముప్పు. పరికరాలన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టడం మంచిది.

గమకాలతో వాయించేవాళ్ళు బెండ్ రేంజ్‌ని (స్లైడర్ పూర్తిగా తోస్తే స్వరం ఎన్ని స్థానాలు జారుతుందో) రాసిపెట్టుకోవాలి. మిడి ఫైలులో ఉండేది స్లైడర్ ఎంత కదిలిందన్నదే, ఎన్ని స్వరస్థానాలన్నది కాదు. రేంజ్ 5 పెట్టుకుని షడ్జం నుంచి శుద్ధ మధ్యమం దాకా జార్చారనుకోండి. అదే మిడిని రేంజ్ 2 ఉన్న ఇంకో ప్రోగ్రామ్‌లో వాయిస్తే జారుడు చతుశ్రుతి రిషభం దగ్గరే ఆగిపోతుంది. కటాఫ్ నాబ్ సంగతి వేరు. అది సీసీ 43గా (43వ నంబరు కంట్రోల్ సందేశంగా) మామూలు మిడి విలువల్లో, 128 మెట్లలో, రికార్డ్ అవుతుంది. నెమ్మదిగా తెరిచే ఫిల్టర్‌లో ఆ మెట్లు వినపడొచ్చు. అలాంటి కదలికల్ని చేత్తోనే తిప్పి, ఆ ఆడియోనే ఉంచేయండి.

అనలాగ్ ఆసిలేటర్లు వేడెక్కేదాకా శ్రుతి కదులుతుంది. ఆన్ చేసి ఇరవై నిమిషాలు ఆగి, అప్పుడు రికార్డ్ మొదలుపెట్టండి. చివరి నోటు వదిలాక డిలే తోక పూర్తిగా ఆరేదాకా రికార్డ్ ఆపకండి. అది అయ్యాక, ఏ నాబూ ముట్టుకోకముందే ఆ టోన్‌ని 200 ప్రోగ్రాముల్లో ఒక ఖాళీ నంబరులో సేవ్ చేసి, ఆ నంబరునే ట్రాక్ పేరుగా పెట్టండి.