ముక్కుతో అడిగిన రొట్టె

నాలుగు నెలలుగా పొద్దున అయిదున్నరకి వీడియో కాల్‌లో పోర్చుగీసు పాఠం. బ్రెజిల్‌లోని సావో పౌలోలో ఉన్న మా టీచర్‌గారికి అప్పుడు ముందురోజు రాత్రి తొమ్మిది. అరగంటే, కానీ రోజూ.

మాటలంటే పెద్దగా భయం వేయలేదు. అల్మారా, బొత్తాం, తువ్వాలు, మేస్త్రీ... పోర్చుగీసు ఓడలతో పాటు వచ్చి మనింట్లో స్థిరపడినవేగా! ఆ ధీమాతోనే అనాసపండుని 'అననాస్' అన్నా. బ్రెజిల్‌లో 'అబకషీ' అంటారట. పరువు పోయింది.

అసలు తిప్పలు ముక్కుతో పలికే శబ్దాలతోనే. రొట్టెని 'పావ్' అనాలి (ముంబై పావ్ కూడా అక్కడిదే), ముక్కు కలపకపోతే అది కర్ర అయిపోతుంది. నెలరోజులు కర్రలే అడిగాను పాపం ఆవిడని.

నిన్న మధ్యలో ఆపి, నవ్వి, "ఇప్పుడు రొట్టె" అన్నారు. కాఫీ కలుపుకుంటూ కూడా పావ్, పావ్ అని గొణుక్కుంటున్నా.