పొద్దున్నే వచ్చే నర్సు పెద్దమ్మ

దగ్గు మొదలైనప్పుడు మేముండే చెన్నై పెరంబూరు దుమ్మే కారణమనుకున్నాం. మెట్రో కోసం రోడ్లు తవ్వుతున్న రోజులవి. మిరియాల పాలు, కషాయం, మందుల షాపువాడు ఇచ్చిన సిరప్పు, అన్నీ అయ్యాయి. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. రాత్రిళ్ళు చెమటకు దిండు తడిసిపోయేది. చర్చిలో కీర్తన మధ్యలో ఊపిరందక కూర్చుండిపోతుంటే, వెనక బెంచీలో ఉండే నర్సు పెద్దమ్మ ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచింది.

"దగ్గు పట్టి రెండు వారాలు దాటిందా?"

ఎప్పుడో దాటింది.

"రేపు వెళ్ళి కఫం పరీక్షకివ్వు. సిరప్పుతో పోయే దగ్గు కాదే ఇది."

ఆమె రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. మా ఇద్దరిదీ ఒంగోలు వైపే కాబట్టి పెద్దమ్మా అని పిలుస్తాను. వరసకు కాదు, చనువుకు.

టీబీ అని తేలింది. మామూలు మందులకు లొంగే రకమేనని కూడా అదే పరీక్షలో తెలిసింది. షుగరు, హెచ్ఐవీ పరీక్షలూ చేశారు. టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ చేస్తారని పెద్దమ్మ ముందే చెప్పి ఉండకపోతే ఆ రెండో పేరు వినగానే హడలిపోయేదాన్ని. పిల్లాడికి ఎక్స్‌రే తీసి, జబ్బు లేదని చూసుకుని, రాకుండా మాత్రలు రాశారు.

ఊళ్ళో మా అత్తగారికి సంగతి తెలియగానే ఫోన్లో ఒకటే గోల. నన్ను తాంబరం శానిటోరియంలో, అంటే టీబీ రోగుల్ని ఇంటికి దూరంగా ఉంచే ఆసుపత్రిలో చేర్పించాలి, పిల్లాణ్ణి ఒంగోలు పంపాలి. ఆమె చిన్నప్పుడు వాళ్ళ బంధువులెవరినో అలాగే పంపారట. మా ఆయన ఏమీ తేల్చలేక అంబత్తూరు కంపెనీలో ఓవర్‌టైం పెంచుకున్నాడు. పెద్దమ్మ నా చేతిలో ఫోను తీసుకుంది.

"వదినగారూ, ఆ లెక్క తేలింది మన మద్రాసులోనే" అని మొదలుపెట్టింది. 1956లో చెట్‌పట్‌లో టీబీ పరిశోధన కేంద్రం పెట్టారు. నగరంలోని పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరిని ఇంట్లోనే ఉంచి, అవే మందులు ఇచ్చారు. శానిటోరియంవాళ్ళకు మంచి తిండి, మంచం మీద విశ్రాంతి. ఇంటివాళ్ళకు ఇరుకు గది, చాలీచాలని కూడు. అయినా దాదాపు ఒకేలా కోలుకున్నారు. ఇంట్లోవాళ్ళకు అంటుకోవడం కూడా ఎక్కువేమీ కాలేదు. 1959లో ఆ ఫలితాలు వచ్చాక లోకమంతా ఇంటి దగ్గర వైద్యం వైపు మళ్ళింది. "మందు మొదలుపెట్టాక భయం తగ్గిపోతుంది వదినా. మానేస్తేనే భయం" అని ఫోను పెట్టేసింది. అత్తగారు పూర్తిగా నమ్మలేదు గానీ తాంబరం మాట మళ్ళీ ఎత్తలేదు.

నలభై నాలుగు కిలోల బరువుకు రోజూ మూడు మాత్రలు, పరగడుపున. ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిసి ఉంటాయి. మొత్తం ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలూ నాలుగు మందులు, తర్వాత మూడు. మాత్ర పడ్డాక మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమని బెదరవద్దని, అది ఆ నాలుగింట్లో ఒకటైన రిఫాంపిసిన్ రంగని పెద్దమ్మ మొదటి రోజే చెప్పింది. ఎదుట ఉండి మింగించే మనిషి ఒకరు కావాలని సెంటర్లో అడిగితే తన పేరే రాయించుకుంది. కింద ఉండే ఓనరమ్మ "ఎందుకు రోజూ వస్తున్నారు" అని తమిళంలో ఆరా తీస్తే, "ప్రార్థన చెయ్యడానికి" అనేది. అది అబద్ధం కాకూడదని నిజంగానే ప్రార్థన చేసేది, రెండంటే రెండు ముక్కలు. తర్వాత మాత్రలు. గుట్టు దాచగలిగినవాడే నమ్మకమైనవాడని సామెతల గ్రంథంలో చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను. అద్దె ఇంట్లో టీబీతో ఉన్నప్పుడు గానీ దాని విలువ తెలిసిరాలేదు.

రెండో నెలలో వాంతులు పట్టుకున్నాయి. సరిగ్గా అప్పుడే స్వస్థత కూటాలు నడిపే ఒక బ్రదర్ ఇంటికొచ్చాడు. తలమీద నూనె రాసి, గట్టిగా ప్రార్థించి, "ఇక మాత్రలు ముట్టుకోకు సిస్టర్. ముట్టుకుంటే దేవుణ్ణి శంకించినట్టే" అన్నాడు. కడుపులో తిప్పుతున్న మనిషికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో చెప్పలేను.

మర్నాడు పొద్దున్న పెద్దమ్మకు చెప్పాను. ఆయన్ని ఒక్క మాట అనలేదు. "ప్రార్థన చేయించుకున్నావు, మంచిదే" అంటూ దీపం దగ్గరకు రమ్మని నా కళ్ళు కిందికి లాగి చూసింది, పచ్చబడ్డాయేమోనని. "ఈ మందులు లివరు మీద పనిచేస్తాయి. ఆపాలో వద్దో చెప్పాల్సింది ఆయన కాదు, నేనూ కాదు. డాక్టరమ్మ దగ్గరికి పద" అంది. రక్త పరీక్షలో కొంచెం తేడా ఉంది గానీ మందులు ఆపేంత కాదన్నారు. వాంతులకు వేరే మాత్ర ఇచ్చారు. నలభై ఏళ్ళు నర్సింగ్ చేసిన మనిషి తన హద్దు తెలుసుకుని మాట్లాడటం చూశాక, బుద్ధి అంటే నాకున్న అభిప్రాయం కొంత మారింది. మన చర్చిల్లో ఎక్కువ వాక్యాలు నోటికొచ్చినవాళ్ళనే జ్ఞానులంటాం కదా.

ఆ బ్రదర్ మాటకు జవాబు వెతుకుతూ మంచంలో బైబిలు తిరగేశాను. జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు పదిహేనేళ్ళ ఆయుష్షు ఇస్తానని దేవుడే మాటిచ్చాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ఎఫెసు పట్టణంలో అపొస్తలుడైన పౌలు ఒంటి మీది గుడ్డలు తాకితేనే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యాల్లో ఉంది. అదే పౌలు తర్వాత శిష్యుడు తిమోతికి రాస్తూ, తనతో తిరిగిన త్రోఫిముకు ఒంట్లో బాగాలేకపోతే మిలేతులో విడిచి వచ్చానంటాడు. ఆ త్రోఫిము ఎఫెసువాడే. అతనికి విశ్వాసం చాలలేదని పౌలు ఎక్కడా అనలేదు. ఈ వచనం మీద ఒక్క ప్రసంగమైనా విన్న గుర్తు నాకు లేదు.

నమ్మకమైన, బుద్ధిమంతుడైన దాసుణ్ణి గురించి మత్తయి 24లో యేసు చెప్పింది మాత్రం బోలెడన్నిసార్లు విన్నాను, ఎప్పుడూ పాస్టర్లకు వర్తింపజేస్తూ. చూడబోతే ఆ దాసుడి పని ఎంత చిన్నది! యజమాని ఊళ్ళో లేనప్పుడు ఇంట్లోవాళ్ళకు వేళకు అన్నం పెట్టడం. అంతే. చెడ్డ దాసుడేమో యజమాని ఆలస్యం చేస్తున్నాడని తోటివాళ్ళను కొట్టడం మొదలుపెడతాడు. డిసెంబరు తుఫాను వానలో, వీధిలో మోకాలిలోతు నీళ్ళున్నప్పుడు కూడా పెద్దమ్మ చీర ఎత్తిపట్టుకుని మెట్లెక్కి వచ్చింది. టీబీ రోగుల తిండికి ప్రభుత్వమిచ్చే నిక్షయ్ డబ్బు నెలకు వెయ్యి రూపాయల లెక్కన నా ఖాతాలో పడితే, దాంతో గుడ్లు, వేరుశెనగలు కొన్నావా లేదా అని లెక్క అడిగేది. ఒక్కోసారి విసుగొచ్చేది కూడా. బలిసినకొద్దీ బాగుపడ్డట్టేనంటూ నన్ను దుకాణంలో తూకం మీద నిలబెట్టేది.

మందులు మొదలుపెట్టిన రెండు నెలలకు చేసిన పరీక్షలో కఫంలో క్రిములు కనిపించలేదు. కోర్సు అయ్యాక మళ్ళీ పరీక్ష, అదీ బాగానే వచ్చింది.

ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. తన పేరు ఎత్తితే ఊరుకోనని పెద్దమ్మ హెచ్చరించింది. సరేనని దేవునికి స్తోత్రం చెప్పి, నాలుగు మందుల పేర్లూ వరసగా చదివాను. ముందు వరసలో ఆ బ్రదర్ తల వంచుకుని బైబిలు పేజీలు తిప్పుతున్నాడు. బయటికొచ్చాక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "పైరజినమైడ్ అనడం రాలేదే నీకు" అంది. "రెండేళ్ళ దాకా ఆరు నెలలకోసారి చూపించుకోవాలి, గుర్తుందా?" గుర్తుందన్నాను. నమ్మకుండా నా ఫోను లాక్కుని తారీఖు తనే పెట్టింది.