పాట కొట్టించిందా, జనమే కొట్టుకున్నారా?

మా అక్క కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడికి హెవీ మెటల్ అనే రాక్ సంగీతమంటే పిచ్చి. గాయకుడు గొంతు చించుకొని అరిచే ఆ పాటలు హెడ్‌ఫోన్లు దాటి బయటికి కూడా వినిపిస్తుండటంతో, మొన్న హన్మకొండలో మా ఇంటికి వచ్చినప్పుడు అక్క తన భయాన్ని బయటపెట్టింది: “గా మొత్తుకునే పాటలు ఇని ఇని పోరడు ఎవల్నన్న కొడ్తడేమో తమ్మీ.” పోరడేమో అన్నం తిని, తన కంచం తానే కడిగిపెట్టి, మళ్ళీ మూలకు వెళ్ళి కూర్చున్నాడు.

అక్కది కొత్త భయమేమీ కాదు. 1999లో అమెరికాలోని కొలంబైన్ పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు కాల్పులు జరిపినప్పుడు అందరి వేలూ మార్లిన్ మాన్సన్ అనే రాక్ గాయకుడి వైపే తిరిగింది. ఆ ఇద్దరూ అతని అభిమానులే కారని తర్వాత తేలింది. 2019లో ఆస్ట్రేలియాలోని మక్వారీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. పాట వినిపిస్తూ ఒక కంటికి హింసాత్మకమైన బొమ్మను, రెండో కంటికి మామూలు బొమ్మను చూపిస్తే, ప్రమాదాన్ని పసిగట్టే మన మెదడు హింస ఉన్న బొమ్మనే ఎక్కువసేపు పట్టుకుంటుంది. డెత్ మెటల్ (హెవీ మెటల్‌లోనే మరీ తీవ్రమైన రకం) వినేవాళ్ళు హింసకు అలవాటుపడి మొద్దుబారిపోయి ఉంటే ఆ స్పందన తగ్గాలి, కానీ వాళ్ళూ మిగతావాళ్ళలాగే స్పందించారు. అయితే 2003లో అమెరికాలో 500 మందికి పైగా కళాశాల విద్యార్థులపై చేసిన ప్రయోగాల్లో, హింసాత్మకమైన సాహిత్యమున్న పాటలు విన్నాక కోపపు ఆలోచనలు పెరిగినట్లు కనబడింది. దాన్ని దాచి వాదించడం న్యాయం కాదు. కాకపోతే మనసులో కోపం రావడం వేరు, చెయ్యి లేవడం వేరు.

చెయ్యి ఎలా లేస్తుందో నేను కొన్నేళ్ళ క్రితం మా వాడకట్టు వినాయక నిమజ్జనంలో దగ్గరగా చూశాను. పద్మాక్షి గుట్ట వైపు వెళ్ళే దారిలో వినాయకుణ్ణి ఎక్కించిన మా డీసీఎం వ్యానుకు ఎదురుగా ఇంకో మండపం వాళ్ళ డీసీఎం వచ్చి ఆగింది. వెనక్కి తీయడానికి ఎవరూ ఒప్పుకోలేదు. గంటకు పైగా అలాగే నిలబడ్డాం. వాళ్ళు సౌండు పెంచితే మావాళ్ళూ పెంచారు, పక్కనున్న కిరాణా కొట్టు షట్టరు బాక్సుల దెబ్బకు దడదడలాడుతోంది, సగం మంది పిల్లలు పొద్దుటి నుంచి తిండి లేక, కొందరు తాగి ఉన్నారు. ఎవరో జనరేటర్ వైరు లాగారు, ఆ తర్వాత జెండా కర్రలు లేచాయి. మర్నాడు అందరూ డీజే పాటలనే తిట్టారు. ఆ సమయంలో రెండు బండ్ల మీదా మోగుతున్నవి దేవుడి పాటలే అన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

రాక్ చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1969 ఆగస్టులో అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో నాలుగు లక్షలకు పైగా జనం మూడు రోజులు వానలో, బురదలో కలిసి గడిపారు. అదే ఏడాది డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో జరిగిన కచేరీలో రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందం పాడుతుండగా మెరెడిత్ హంటర్ అనే యువకుడు కత్తిపోట్లకు చనిపోయాడు. సంగీతం ఆ కోవదే. కానీ ఆల్టమాంట్‌లో వేదిక నడుము ఎత్తుకు మించి లేదు; దాని కాపలా హెల్స్ ఏంజెల్స్ అనే మోటారుసైకిల్ ముఠా చేతిలో ఉంది, వాళ్ళకిచ్చిన ప్రతిఫలం బీరు.

పాటకు ఏ పాపమూ తెలియదని నేననను. ఎవరు మనవాళ్ళో, ఎవరు పరాయివాళ్ళో పాట ఇట్టే తేల్చేస్తుంది. 1964లో ఇంగ్లండు సముద్రతీరాల్లో మాడ్స్, రాకర్స్ అనే రెండు జట్ల కుర్రాళ్ళు కొట్టుకున్నప్పుడు వాళ్ళు వేసుకునే బట్టలతో పాటు వినే పాటలూ జట్టుకు గుర్తులే. మన పేరిణి సంగతీ చూడండి. కాకతీయ సైనికులు యుద్ధానికి ముందు మద్దెల మోతకు ఆడేవారని చెప్పుకునే ఆ నృత్యాన్ని ఇప్పుడు పిల్లలు బడి వార్షికోత్సవాల్లో ఆడుతున్నారు, ఆడి దిగాక ఐస్‌క్రీం కోసం తప్ప దేనికీ కొట్లాడరు.

ఆ గొడవ తర్వాతి ఏడాది మా మండపం పెద్దలు రెండే మార్పులు చేశారు: మధ్యాహ్నం మూడింటికే బయలుదేరాలి, ఎదురుబండి రాని దారిలో వెళ్ళాలి. డీజే అదే, పాటలూ అవే. తొమ్మిదింటికల్లా ఇంటికొచ్చి భోజనాలు చేశాం. ఇదంతా అక్కకు చెప్పాను. పూర్తిగా విన్నది, తలూపింది. వాడి దగ్గర తను లాక్కున్న హెడ్‌ఫోన్లు మాత్రం ఇంకా బీరువా మీదే ఉన్నాయట.